వెనక ఫ్యానుకు కట్టిన గుడ్డ

ఆ ఆషాఢంలో నేను కోరుకున్నది ఒక్కటే. ముందు గదిలో ఉన్న కంప్యూటరు ఇంట్లోంచి పోవాలి. అది పోకపోతే నేను పోవాలి. ఈ మాట నా కొడుకు ఇలియాస్‌కు చెప్పేశాను. శ్రావణం వచ్చేలోగా తేల్చుకోమన్నాను. వాడు ఆటో తుడుస్తూ విన్నాడు. తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచాడు.

"యాడికి పోతావు నాయనా?"

"పెనుకొండకు. ఆడ గది ఉండాది. గంజి కాంచుకునేకి చేతులుండాయి."

"రేష్మ ఏం చేసింది నిన్ను?"

"రేష్మ మాట నేనెత్తినానా? కంప్యూటరు మాటంటి."

రేష్మ నా కోడలు. ధర్మవరం పట్టుచీరల అంచులకు, కొంగులకు కంప్యూటరు మీద డిజైన్లు గీస్తుంది. ఆమె గీసినదాని ప్రకారం అట్టలకు చిల్లులు కొడతారు. ఆ అట్టలు మగ్గం మీద తిరిగితే నెమలి రావలసిన చోట నెమలి, పూవు రావలసిన చోట పూవు పడుతుంది. కంప్యూటరు ఆమెది కాదు, తిమ్మరాజు అనే చీరల సావుకారుది. ఆయన తెచ్చి పెట్టాడు, ఈమె గీస్తుంది. ఇలియాస్ ఆటో కన్నా ఆ పెట్టే మా ఇంటికి ఎక్కువ పెడుతుంది. అది నాకు తెలుసు. తెలిసే అన్నాను.

నా భార్య మాబున్ని కిందటి చలికాలంలో చనిపోయింది. ఊపిరితిత్తులు చెడిపోయాయని డాక్టరు చెప్పాక పెనుకొండ నుంచి ధర్మవరం తెచ్చి, కొడుకు ఇంట్లో మధ్య గదిలో మంచం వేశాము. ఆ రోజు శుక్రవారం. నేను జుమ్మా నమాజుకు వెళ్లాను. ఇలియాస్ రైల్వే స్టేషన్ దగ్గర ఆటో స్టాండులో ఉన్నాడు. నేను తిరిగి వచ్చేసరికి మాబున్ని సగం మంచం మీద, సగం కింద ఉంది. చెంబు దొర్లి నీళ్లు గడప దాకా పారాయి. గడప అవతల, రెండు బారల దూరంలో, రేష్మ మాకు వీపు పెట్టి కూర్చుని తెర మీద నెమలికి కన్ను దిద్దుతోంది.

"వినపడలేదు మామా," అంది తరువాత. "పెట్టెలో ఫ్యాన్ల రొదకు వినపడలేదు."

నేను నమ్మలేదు. రెండు బారల దూరంలో మనిషి పిలిస్తే వినపడకపోవడమేమిటి? విని కూడా లేవలేదు. ఈ గీత అయ్యాక లేద్దామనుకుని ఉంటుంది. నా లెక్క అది. ఆ రోజు నుంచి నేను రేష్మతో మాట్లాడలేదు. ఏమైనా కావాలంటే ఇలియాస్‌కు చెప్తాను, వాడు లేకపోతే గోడకు చెప్తాను. ఆమె వండిన అన్నం తింటాను. అన్నం మీద పగ లేదు.

*

ఆషాఢం గాలి మొదలైతే మా వైపు ఎర్రదుమ్ము లేస్తుంది. ఆకాశం మట్టిపెళ్ల రంగులో ఉంటుంది. వీధి కిటికీ తెరిస్తే దుమ్ము. మూస్తే పక్కింటి గోడ సందుల్లోంచి నూగు. పక్కింట్లో పట్టుదారానికి పురి పెట్టే మిషన్లు ఉన్నాయి. ఇక పెరట్లో నేను. దూది ఏకే విల్లు పక్కన పెట్టి చాలా ఏళ్లయింది కానీ చేతులు ఊరుకోవు. ఎవరైనా పాత దిండ్లు తెచ్చిస్తే విప్పి, దూది విదిలించి, మళ్లీ కుట్టి ఇస్తాను.

కంప్యూటరు పెట్టెకు ముందర ఒక ఫ్యాను, వెనక ఒక ఫ్యాను. లోపల నూగు పేరుకునేకొద్దీ వాటి రొద పెరిగేది. పొద్దెక్కేసరికి పిండిమర పక్కన కూర్చున్నట్టు ఉండేది. వేడెక్కితే దానంతట అదే ఆరిపోయేది. రేష్మ తల పట్టుకుని, కాసేపాగి మళ్లీ వేసేది. మళ్లీ రొద.

నాకు దగ్గు ఉంది. బతుకంతా దూది ఏకినవాడికి దగ్గు ఉంటుంది. మాబున్ని మంచం మీదే ఇప్పుడు నేను పడుకుంటాను. అక్కడ కూర్చుని దగ్గేవాణ్ణి. రేష్మ ఒక్కసారి కూడా తల తిప్పేది కాదు. దాన్నీ లెక్కలో వేసుకున్నాను.

ఒక రోజు మధ్యాహ్నం తిమ్మరాజు వచ్చాడు. స్కూటరు దిగుతూనే తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, తువ్వాలు ఎర్రగా అయింది.

"ఏమ్మా, మల్లా ఆరిపాయనంట?"

"నూగు పట్టిందన్నా. రిపేరు సతీష్‌కు ఫోన్ చేసినా. వచ్చి ఊది పోతాడు."

"సతీష్ హిందూపురంలో రైలెక్కల్ల. వస్తాడు, ఊదుతాడు, టిఫిన్ తింటాడు, పోతాడు. ఆయప్ప ఎక్కిన రైలు పెనుకొండ దాటకముందే మల్లా నిండుతాది. శ్రావణం ముహూర్తాలకు చీరలు దిగల్లనా వద్దా? నువ్వు చెప్పు."

"దిగల్లన్నా."

"ఇంగొక్కసారి ఆరిపోయి నా పని నిలిచిందనుకో, దీన్ని ఎత్తకపోయి హిందూపురంలోనే పెట్టుకుంటా. ఆడ గీసే పిల్లోల్లకు కరువు లేదు. నీ మీద నాకు కోపం లేదమ్మా. నా మగ్గాలు ఖాళీగా ఉండాయి, అంతే."

రేష్మ మళ్లీ తెర వైపు తిరిగింది. మంచం మీద కూర్చుని నేను విన్నాను. నేను చేయవలసింది ఏమీ లేదని అర్థమైంది. ఊరుకుంటే చాలు. ఆషాఢం గాలే నా పని చేసి పెడుతుంది.

తిమ్మరాజు వెళుతూ నన్ను చూశాడు.

"ఏమప్పా సాబ్జానూ, ఈన్నే ఉండావా? నూగులో పుట్టి నూగులో పెరిగినోడివి. ఈ పెట్టెలోకి నూగు పోకుండా చేసేకి కాదా నీకు?"

"నా పని పరుపులు."

"దూది ఏకేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకుంటాంటివి కదా. దీనికీ కట్టు. ఏం, చేతకాదా? కొడుకు ఇంట్లో కూచోని కూచోని చేతులు మొద్దుబారినాయా?"

"సావుకారూ, నువ్వు చీరలమ్ముకో. నా చేతుల సంగతి నీకేల?"

"చేతకాదని చెప్పురాదా!" నవ్వుతూ స్కూటరు ఎక్కాడు.

చేతకాదు అనే మాట నన్ను అంతకుముందు ఎవరూ అనలేదు. పెనుకొండలో దర్గా ఉరుసుకు వచ్చినవాళ్లు నేను కుట్టిన పరుపు మీద పడుకుని, మా పేటకు వెతుక్కుంటూ వచ్చి ఇంకో పరుపు చెప్పి వెళ్లేవాళ్లు. ఒక చీరల వ్యాపారి నా ఇంటి గడపలో నిలబడి ఆ మాట అని పోయాడు. పెట్టె పోవాలి, నిజమే. కానీ నాకు పని చేతకాక పోయిందని చెప్పుకోకూడదు.

సాయంత్రం ఇలియాస్‌తో అన్నాను. "ఆ పెట్టె ఆర్పమని చెప్పు."

రేష్మ ఆర్పింది. నేను నా పాత మూట విప్పి మల్లు గుడ్డ తీశాను. ఏకేటప్పుడు మొహానికి కట్టుకునే గుడ్డ అది. రెండు మడతలు వేశాను. మా పనిలో ముక్కు ఒక్కటే మూసుకుంటే నోట్లోంచి పోతుంది, నోరు ఒక్కటే మూసుకుంటే ముక్కులోంచి పోతుంది. కడితే రెండూ కట్టాలి, సగం కట్టినవాడు కట్టనివాడితో సమానం. మాబున్ని ఎప్పుడూ కట్టుకోలేదు. నా ఎదురుగా కూర్చుని ఏకిన దూది దిండ్లలో కూరేది. కట్టుకోమంటే, "మాట్లాడేది ఎట్ల?" అనేది. ఆమెకు మాటలు ఎక్కువ.

పెట్టె ముందర గుడ్డ పరిచాను. వెనకా పరిచాను. చుట్టూ నాడా తిప్పి, దబ్బనంతో నాలుగు పోగులు వేసి బిగించాను. గాలికి కదలకుండా కుదిరింది.

రేష్మ టార్చి పట్టుకుని నిలబడి ఉంది. "మామా, వెనక కూడా కట్టల్లనా?" అంది మెల్లగా.

"కడ్తే రెండూ కట్టల్ల," అని గోడకు చెప్పాను.

ఆమె టార్చి వెలుతురు వెనక్కు తిప్పింది.

*

రెండు రోజులు పెట్టె నడిచింది. రొద తగ్గలేదు, ఇంకా పెరిగింది. కొత్తగా కట్టిన గుడ్డ కదా, అలవాటు పడాలి అనుకున్నాను. కొత్త పరుపు కూడా మొదట బిర్రుగానే ఉంటుంది.

మూడో రోజు తిమ్మరాజు కొంగు డిజైను తీసుకుపోవడానికి వచ్చాడు. అట్టలు కొట్టేవాడు ఎదురుచూస్తున్నాడని చెప్పులు కూడా విడవలేదు. రేష్మ చివరి వరుస నింపుతోంది. ఆ ఒక్క వరుస అయితే అయిపోతుంది. ఫ్యాన్ల రొద ఒక్కసారి పైకి లేచి, తటాలున ఆగింది. తెర నల్లబడింది.

ఈసారి మళ్లీ వేసినా రాలేదు.

తిమ్మరాజు పెట్టె మీద చెయ్యి పెట్టి వెనక్కు లాక్కున్నాడు. "పెనం మాదిరి ఉండాది!" వంగి చూశాడు. నాడా పట్టుకుని లాగాడు. వెనక ఫ్యానుకు కట్టిన గుడ్డ ఊడి వచ్చింది. దాని లోపలి వైపు నూగు మందంగా, బూడిదరంగు కంబళిలా పట్టి ఉంది.

"ఎవురు కట్టింది దీన్ని?"

ఇలియాస్ అప్పుడే భోజనానికి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. వాడు నా వైపు చూశాడు. నేను నోరు తెరిచాను.

"నేనేనన్నా," అంది రేష్మ.

"నువ్వా?"

"నూగు పోకుండా ఉంటాదని కట్టినా."

"కంప్యూటరు చదివినదానివి కదమ్మా! ఊపిరి ఆడకుండా రెండు పక్కలా బిగిస్తారా ఎవురన్నా? చంపేదానికి కట్టినట్ల ఉండాది గానీ!" తిమ్మరాజు గొంతు వీధి దాకా వెళ్లింది. పక్కింటి మిషన్ దగ్గరి ఆడమనిషి వాకిట్లోకి వచ్చి చూసింది. రేష్మ తల వంచుకుని అన్నీ పడింది. "ఇలియాసూ, ఆటో వెనక్కి తిప్పు. పెట్టె ఎక్కించు. ఈ పొద్దే హిందూపురం పంపుతా."

నా కోరిక గడప దాకా వచ్చింది. నేను మంచం మీద కదలలేదు.

"రేపొక్క పొద్దు ఇయ్యన్నా," అంది రేష్మ. "నీ కొంగు లోపలే ఉండాది. వేరేవాల్లకు ఇస్తే మొదటి నుంచి గీస్తారు. సతీష్ తెల్లారి రైలుకు వస్తాడు. ఒక్క వరుసే మిగిలింది. అది నింపి ఇచ్చినాక ఎత్తకపో, అడ్డం రాను."

తిమ్మరాజు చాలాసేపు మీసం గీక్కున్నాడు. "రేపు సాయంత్రం," అన్నాడు. "అంతే."

ఆయన వెళ్లాక ఇలియాస్ వంటింట్లోకి వెళ్లాడు. నాకు వినపడకూడదనే వెళ్లాడు. కానీ పెట్టె ఆరిపోయి ఉంది. ఆ ఇంట్లో ఎంత మెల్లగా మాట్లాడినా వినిపిస్తుందని ఆ పూటే నాకు తెలిసింది. కంచం పెట్టిన చప్పుడు వినపడింది. ముంతలో గరిటె తిరిగిన చప్పుడు వినపడింది.

"నాయన కావాలనే చేసినాడు," అన్నాడు ఇలియాస్.

"కాదు," అంది రేష్మ.

"నీకు తెల్దులే. పెట్టె పోవల్లని నాతోనే అన్న్యాడు. శ్రావణం లోపల తేల్చమన్న్యాడు."

"నాకు తెలుసు. అందుకే చెప్తాండా. పెట్టె పోవల్లంటే మామ ఏమీ చేయకుండా ఉంటే సాలు. ఈ గాలికి అదే పోయ్యేది. కూచోని గుడ్డ మడిచి, దబ్బనంతో కుట్టి, అంత తిప్పలెందుకు పడ్తాడు?"

"మల్ల నువ్వెందుకు నీ మీదికేసుకున్న్యావు?"

"నేను కట్టినానంటే తెలివితక్కువదంటారు. మామ కట్టినాడంటే కావాలనే కట్టినాడంటారు. ఇప్పుడు నువ్వు అన్లేదా? కూడు తిను, సల్లారిపోతాంది."

నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను.

*

తెల్లవారి సతీష్ వచ్చాడు. పాతికేళ్లవాడు, వీపున సంచి, చేతిలో గాలి ఊదే మిషను. పెట్టె పక్క రేకు విప్పి వాకిట్లోకి తీసుకుపోయి ఊదాడు. ఊదినా రాని దాన్ని బ్రష్షుతో గీకాడు. ఒక ఉండ ఊడి నా కాళ్ల దగ్గర పడింది. తీసి వేళ్ల మధ్య విప్పి చూశాను. నూగు చూస్తే ఎక్కడిదో నేను చెప్పగలను. మెరిసేది పట్టు. ఎర్రది వీధి మట్టి. మూడోది తెల్లగా, పొట్టిగా, మెత్తగా ఉంది. అది నేను పెరట్లో విదిలించే దిండ్ల దూది. పట్టు కన్నా అదే ఎక్కువ ఉంది.

ఉండను వాకిలి అవతలికి విసిరేశాను. గాలి దాన్ని మళ్లీ లోపలికే తెచ్చింది.

"ఎవురు తాతా ఈ పని చేసింది?" సతీష్ నా మల్లు గుడ్డ పట్టుకుని నవ్వుతున్నాడు. "దుప్పటి మాదిరి ఉండాది."

"నేనే."

రేష్మ తలెత్తి చూసింది.

"ఇంత మందం అయితే గాలి యాడ పోతాది? అసలు వెనక ఎందుకు కట్టినావు?" అటూ ఇటూ చూసి, అలమారలో గురువారం ఫాతెహా ప్రార్థనకు పెట్టుకున్న ఊదొత్తుల కట్ట తీసుకున్నాడు. "ఒకటి వాడుకుంటా తాతా." పెట్టెను తీగకు తగిలించి వేశాడు. ఊదొత్తి వెలిగించి ముందర ఫ్యాను దగ్గర పట్టాడు. పొగ ఒంగి, సన్నని దారంలా సాగి, లోపలికి పోయింది. వెనక ఫ్యాను దగ్గర పట్టాడు. పొగ మా మొహాల మీదికి కొట్టింది.

"సూసినావా? ముందరది పీలుస్తాది. వెనకది వదుల్తాది. పీల్చేకాడ గుడ్డ ఉండల్ల, అదీ పల్చగా. వదిలేకాడ ఏమీ ఉండకూడదు. వదిలేకి దారి లేకుంటే లోపలే ఉడికి సస్తాది."

ఊదొత్తిని అతని చేతిలోంచి తీసుకుని నేనూ పట్టి చూశాను. ముందర లోపలికి పోయింది. వెనక బయటికి వచ్చింది. మనిషికి పీల్చేదీ వదిలేదీ ఒకే దారి. దీనికి వేరు వేరు. అది నేను అనుకోలేదు.

"దోమతెర గుడ్డ సరిపోతాదా?"

"బాగా సరిపోతాది. రెడీమేడ్ జాలీలు కూడా దొరుకుతాయి తాతా, బెంగుళూరు నుంచి తెప్పిస్తే..."

"నా దగ్గర దబ్బనం ఉండాది."

మాబున్ని మంచానికి కట్టిన పాత దోమతెర నా ట్రంకు అడుగున ఉంది. దాని మూల కత్తిరించాను. జానెడు గుడ్డ. అట్ట చట్రం కోసి, గుడ్డను దాని మీద లాగి, చుట్టూ దగ్గర దగ్గరగా కుట్టాను. ఫ్రిజ్‌కు అంటించి ఉన్న అయస్కాంతం బొమ్మలు నాలుగు పీకి మూలలకు పెట్టాను. రెండు మామిడిపండ్లు, ఒక సీతాఫలం, ఒక అరటిగెల. ముందర ఫ్యానుకు పెడితే టక్కున పట్టుకుంది. వెనక ఏమీ పెట్టలేదు.

"పండ్లంగడి మాదిరి ఉండాది," అన్నాడు సతీష్. "కానీ బలే ఉండాది తాతా. వారానికొకసారి తీసి ఇదిలించల్ల. మరిస్తే మల్లా మొదటికే వస్తాది."

సతీష్ టిఫిన్ తిని, రైలుకు వెళ్లిపోయాడు. వెళ్లే ముందు తిమ్మరాజుకు తనే ఫోన్ చేసి, ఇక ఆరిపోదని చెప్పాడు. రేష్మ మిగిలిన వరుస నింపింది, తిమ్మరాజు వచ్చి కొంగు డిజైను తీసుకున్నాడు. పెట్టె మీద చెయ్యి పెట్టి చూశాడు, వంగి మామిడిపండ్లు చూశాడు. "శ్రావణం దాకా చూస్తా," అన్నాడు. పెట్టెను ఎత్తుకుపోలేదు.

పెట్టె పోదు. అయితే నేను పోవాలి. అన్న మాట అన్నదే. ఇలియాస్‌ను పిలిచి సాయంత్రం రైలుకు స్టేషన్‌లో దించమని చెప్పాను. వాడు ఆటో తీసుకుని వెళ్లిపోయాడు. బట్టలు ట్రంకులో సర్దాను. మూడు చొక్కాలు, రెండు లుంగీలు, దబ్బనం, మాబున్ని తిప్పిన తస్బీ పూసల దండ. ట్రంకును మంచం ముందరికి లాగి పెట్టి, మంచం మీద కూర్చున్నాను.

ముందు గదిలో రేష్మ కొత్త అంచు మొదలుపెట్టింది. నాకు వీపే కనిపిస్తోంది. పెట్టె నడుస్తోందో లేదో తెలియడం లేదు. చెవి పెట్టి వింటే, ఎక్కడో దూరంగా ఎవరో నిద్రపోతున్నట్టు చిన్న చప్పుడు. పక్కింటి మిషన్ వినపడింది. వీధిలో గాలి వినపడింది.

దగ్గు వచ్చింది. పెద్ద దగ్గు కాదు. రోజూ వచ్చేదే.

కుర్చీ కిర్రుమంది.

"ఏం మామా? పిలిచినావా?"

తల తిప్పడం కాదు, లేచి వచ్చింది. గడప దగ్గర నిలబడింది. ఆ రోజు నీళ్లు పారి ఆగిన చోటే నిలబడింది.

లేదు అనబోయాను. గోడ వైపు తిరిగి అనబోయాను. ఆమె చెయ్యి ఇంకా ద్వారబంధం మీదే ఉంది. పరుగెత్తి వచ్చిన మనిషి పట్టుకున్నట్టు పట్టుకుంది. మాబున్ని ఆ రోజు ఎంత గట్టిగా పిలిచిందో నాకు తెలియదు. నా దగ్గు కన్నా మెల్లగా అయితే పిలిచి ఉండదు. అయినా ఆ పిలుపు ఫ్యాన్ల రొదలో మునిగి ఉంటుంది.

"నీళ్లు," అన్నాను.

రేష్మ చెంబు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది.

బయట ఆటో హారన్ మోగింది. ఇలియాస్ స్టేషన్‌కు తీసుకుపోవడానికి వచ్చాడు. ట్రంకును కాలితో మంచం కిందికి తోశాను.

క్షమించానని ఎవరూ అనుకోవద్దు. ఆ జాలీ గుడ్డను వారానికొకసారి విప్పి విదిలించాలి. ఆ పని ఈ ఇంట్లో ఇంకొకరికి చేతకాదు.